ఎత్తుతో పాటు మెట్లు కూడా చూడండి: ముఖ్యమంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ముఖ్యమంత్రి శ్రీ రేవంత్ రెడ్డి గారికి,

నమస్కారం. అగ్నిమాపక శాఖ ఉండే హోం శాఖ కూడా మీరే చూస్తున్నారు కాబట్టి నేరుగా మీకే రాస్తున్నాను. నేను జంట నగరాల్లో అగ్నిమాపక శాఖలో పనిచేసి లీడింగ్ ఫైర్‌మన్‌గా రిటైర్ అయ్యాను. పాత సహోద్యోగులం ఇప్పటికీ అప్పుడప్పుడు కలుస్తుంటాం. పింఛన్లు, మోకాళ్ల నొప్పులు, మనవల చదువులు అయ్యాక మాటలు చివరికి పాత ఫైర్ కాల్స్ దగ్గరికే వస్తాయి. చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో జరిగిన అగ్నిప్రమాదం తర్వాతైతే వేరే మాటే లేదు.

2025 మే 18, ఆదివారం పొద్దున అక్కడ 17 మంది చనిపోయారు. అందులో 8 మంది పిల్లలు. ఫైర్ స్టేషన్ దగ్గర్లోనే, మొఘల్‌పురాలో ఉంది. ఆరుంపావుకు కాల్ వస్తే నిమిషాల్లోనే బండి చేరింది. ఫైరింజన్ ఆలస్యంగా వచ్చిందని జనం మమ్మల్ని తిట్టడం మామూలే, ఒక్కోసారి అది నిజం కూడా. ఆ రోజు మాత్రం బండి వచ్చినా లోపలికి దారి లేదు. కింద నగల దుకాణాలు, పైన ఒక పెద్ద కుటుంబం, ఎక్కడానికైనా దిగడానికైనా ఒకటే ఇరుకు మెట్లు.

ఇది కొత్త కథ కాదు సార్. 2022 మార్చిలో బోయిగూడ తుక్కు గోడౌన్ పైన నిద్రపోతున్న 11 మంది బిహార్ కూలీలు పోయారు. అక్కడా ఒకటే మెట్లదారి. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూం, పైన హోటల్ గదులు ఉన్న భవనంలో 8 మంది. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంట్ కింద నిలవ చేసిన కెమికల్ డ్రమ్ములు అంటుకుని 9 మంది. ప్రతిసారీ కింద సరుకు, పైన మనుషులు.

మన నిబంధన ఏమంటోంది? నివాస భవనమైతే 18 మీటర్లు, వాణిజ్య భవనమైతే 15 మీటర్ల ఎత్తు ఉంటేనే ఫైర్ ఎన్‌ఓసీ, అంటే అగ్నిమాపక శాఖ ఇచ్చే అనుమతి పత్రం, కావాలి. సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్ల లాంటి వాటికి లెక్క వేరు. మరి బేగంబజార్‌లోనో రాణిగంజ్‌లోనో కింద గోడౌన్ పెట్టుకున్న రెండు మూడంతస్తుల ఇల్లు ఆ లెక్కలోకే రాదు. మా స్టేషన్ వాళ్లు ఆ గడప తొక్కేది ఇల్లు అంటుకున్నాకే.

నేను చూసిన ఒక ఇంటి సంగతి చెప్తాను. బిజీ స్టేషన్‌లో దీపావళి రాత్రి కూర్చునే వీలుండదు. ఒక కాల్ ముగించుకుని తడి హోసులు బండిలో వేసుకుంటుండగానే ఇంకో కాల్ వస్తుంది. ట్యాంకు నింపుకోవడానికి కూడా టైమ్ దొరకదు. అలాంటి ఒక దీపావళికి ఒక బస్తీలో మూడంతస్తుల ఇల్లు అంటుకుంది. కింద పరుపుల గోడౌన్. ఫోమ్ కాలితే వచ్చే పొగలో టార్చి వేసినా మన చెయ్యి మనకు కనిపించదు. బీఏ సెట్లు, అంటే పొగలో ఊపిరి పీల్చుకోవడానికి వీపున మోసే గాలి సిలిండర్లు, తగిలించుకుని నేనూ ఇంకొకతనూ గోడకు చెయ్యి ఆనించి, మోకాళ్ల మీద పాకుతూ మెట్లెక్కాం. మెట్ల మీద సగం మేర సామానే. బియ్యం బస్తాలు, చెప్పుల స్టాండు, మలుపులో పాత కూలర్. నా వీపు మీద ఉన్న సిలిండర్ ఆ కూలర్‌కీ గోడకీ మధ్య ఇరుక్కుపోయింది. విడిపించుకునేసరికి ఎంత గాలి ఖర్చయిందో మీటరు చూస్తే తెలిసింది.

పైన టెర్రస్ తలుపుకు లోపలివైపు తాళం. దొంగల భయంతో వేసుకున్నారు, తాళంచెవి కింది గదిలో ఉండిపోయింది. ఆ తలుపు దగ్గరే ఒక తల్లి, ఇద్దరు పిల్లలు పడి ఉన్నారు. గొళ్లెం పెకలించి ముగ్గురినీ బయటి గాలిలోకి లాగాం. తల్లి, చిన్న పిల్లాడు బతికారు. పెద్దమ్మాయి బతకలేదు. ఒంటి మీద ఒక్క కాలిన గాయం లేదు, పొగే ప్రాణం తీసింది. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ అగ్నిప్రమాదంలో చనిపోయిన ఆరుగురు యువతీయువకులూ పొగకే బలయ్యారు. ఉమ్మడి వరంగల్, ఖమ్మం జిల్లాల నుంచి ఉద్యోగాలకని వచ్చినవాళ్లు.

సార్, కింద దుకాణమో గోడౌనో ఉండి పైన కాపురాలున్న ప్రతి ఇంటినీ, ఎత్తుతో సంబంధం లేకుండా, తనిఖీ కిందకు తీసుకురండి. రెండో దారి ఉందా, టెర్రస్ తలుపు లోపలినుంచి తాళంచెవి లేకుండా తెరుచుకుంటుందా, కిటికీ గ్రిల్లులో ఒక్కటైనా తీయడానికి వస్తుందా, మీటర్ బోర్డు మెట్ల కిందే ఉందా, ఇవి చూడాలి. ఇందుకోసం ఎవరి పొట్టా కొట్టనక్కర్లేదు. తరతరాలుగా అక్కడే వ్యాపారం చేసుకుని బతుకుతున్న వాళ్లను వెళ్లగొట్టమని నేను అడగడం లేదు. వెనకవైపు ఒక ఇనప నిచ్చెన కట్టుకోవడానికి డబ్బు లేనివాళ్లకు ప్రభుత్వం సాయం చేస్తే చాలు. కానీ మనుషులు పడుకునే చోటు కింద రసాయనాలు నిలవ చేస్తే మాత్రం ఉపేక్షించవద్దు.

తనిఖీకి మనుషులు కావాలి. కాల్ మీద కాల్ వచ్చే స్టేషన్లలో సిబ్బందికి తిండి తినే టైమే ఉండదు, ఇక గల్లీలు తిరిగేదెప్పుడు? ఆ స్టేషన్లకు అదనంగా ఒక టీమ్ ఇవ్వండి. ఏ సందులో బండి తిరుగుతుంది, ఎక్కడ కరెంటు తీగలు చేతికందేలా వేలాడుతున్నాయి, ఏ ఇంట్లో నడవలేని ముసలివాళ్లున్నారు అన్నది పగలు నడిచి చూసిన ఫైర్‌మన్ రాత్రి పొగలో తడుముకోడు. మంటలార్పే రోబోలు, పై అంతస్తులకు అందే బ్రాంటో స్కైలిఫ్ట్ బండ్లు ఎత్తైన భవనాలకు అవసరమే, నేను కాదనను. అవి దూరని సందుల కోసం చిన్న వాటర్ టెండర్లు (నీళ్ల ట్యాంకున్న ఫైరింజన్లు), ప్రతి బండిలో అదనపు బీఏ సిలిండర్లు కూడా కావాలి.

గుల్జార్ హౌజ్ మీద విచారణ కమిటీ వేశారు, పరిహారం ప్రకటించారు. మంచిదే. ఈ తనిఖీ పని పాతబస్తీలో ఒక్క వార్డుతో మొదలుపెట్టినా వచ్చే దీపావళి లోపు ఎన్నో తలుపుల తాళాలు తీయించవచ్చు. మాలాంటి రిటైరైన వాళ్లం చాలామందిమి ఇంకా నడవగలం, మెట్లెక్కగలం. జీతం అక్కర్లేదు. ఒక గుర్తింపు కార్డు ఇప్పించి మీ సిబ్బందితో పాటు పంపండి, వస్తాం.

ఇట్లు,
విశ్రాంత లీడింగ్ ఫైర్‌మన్,
సికింద్రాబాద్