టరెట్ కూర్చోని ట్యాంకులు, మంచులో కదలనివ్వని రూల్: మీ జోజిలా బాక్స్ మీద ఫిర్యాదు

కస్టమర్ కేర్ వారికి,

విషయం: జోజిలా 1948 సినారియో బాక్స్ (టేబుల్ మీద బొమ్మలతో ఆడే యుద్ధం ఆట), 15 ఎంఎం స్కేల్, 5 స్టువర్ట్ లైట్ ట్యాంకుల బొమ్మలు. రీప్లేస్‌మెంట్ గానీ రిఫండ్ గానీ ఇవ్వమని.

నమస్తే అండి. మీ యాప్‌లో తెలుగులో కూడా కంప్లైంట్ పెట్టొచ్చు అని ఉంది కాబట్టి తెలుగులోనే రాస్తున్నా. ఇప్పటికి రెండు సార్లు చాట్‌లో చెప్పా, రెండు సార్లూ "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని ఒకటే మెసేజ్ వచ్చి టికెట్ క్లోజ్ అయిపోయింది, అందుకని ఈసారి పూసగుచ్చినట్టు రాస్తున్నా, కొంచెం పెద్దదే, దయచేసి మీ దగ్గర ట్యాంకుల గురించి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ చేత చదివించండి.

పోయిన నెల 4,850 రూపాయలు పెట్టి ఈ బాక్స్ తీసుకున్నా, షిప్పింగ్ 180 అదనం. మేం నలుగురు ఫ్రెండ్స్ ఆదివారం ఆదివారం మా ఇంటి మేడ మీద ఆరడుగుల టేబుల్ వేసుకుని ఆడుకుంటాం, ఇన్నాళ్ళూ ఎప్పుడూ నార్మండీ, లేకపోతే ఎడారి, ఇవే ఆడి ఆడి విసుగొచ్చింది, మన సైన్యం 1948లో శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్ళే దారిలో జోజిలా కనుమ కోసం పాకిస్తాన్ వైపు వాళ్ళతో చేసిన యుద్ధం బాక్స్‌లో వచ్చిందంటే ఆగలేక మొదటి రోజే ప్రీ ఆర్డర్ కొట్టేసా. అదే నా తప్పేమో.

మొదటిది, టరెట్లు. 5 ట్యాంకుల్లో 3 ట్యాంకులకి హల్ (కింది బాడీ) మీద టరెట్ (గన్ ఉండే, తిరిగే పైభాగం) కూర్చునే గుంత చిన్నదైపోయింది, టరెట్ కిందున్న బొడిపె అందులోకి దిగట్లేదు. రెజిన్ వంకర పోయిందేమో అని వేడినీళ్ళలో పెట్టి చూసా, లాభం లేదు. మీ చాట్ అబ్బాయి "లైట్‌గా ఫైల్ చేయండి సార్" అన్నాడు, మాస్క్ పెట్టుకుని అరగంట అరగదీస్తే ఒకదాని అంచు పగిలింది, మిగతా రెండూ ఇక ముట్టుకోలేదు. ఫొటోలు జత చేసా, స్కేలు పక్కన పెట్టి మరీ తీసా.

మా వాడొకడు నవ్వుతూ అన్నాడు, "కరెక్టే కదరా, జోజిలాకి టరెట్లు లేకుండానే కదా తీసుకెళ్ళింది" అని. నిజమే. జమ్మూ నుంచి శ్రీనగర్ దారిలో బ్రిడ్జిలు ఆ బరువు మోయలేవని మన సైన్యంలోని ట్యాంకుల రెజిమెంట్ 7వ లైట్ కావల్రీ వాళ్ళు స్టువర్ట్‌ల టరెట్లు విప్పి వేరేగా తీసుకెళ్ళారు, ట్యాంకులొస్తున్నాయని అవతలివాళ్ళకి పొక్కకూడదని రహస్యంగా కనుమ కిందున్న బాల్‌తాల్ దాకా చేర్చారు. కానీ సార్, అక్కడికెళ్ళాక మళ్ళీ బిగించారు! 1948 నవంబర్ 1న పైకి వెళ్ళినవి టరెట్లు ఉన్న ట్యాంకులే. మీరు పంపినవి బాల్‌తాల్ దాకే పనికొస్తాయి.

రెండోది చాలామంది పట్టించుకోరు, నేను పట్టించుకుంటా. బాక్స్ మీద ఎం5 అని, అంటే స్టువర్ట్‌లలో ఎం3 తర్వాత వచ్చిన మోడల్ అని రాసారు. హల్ చూస్తే వెనక ఇంజిన్ డెక్ మెట్టులా పైకి లేచి ఉంది, ముందు పలక ఏటవాలుగా ఉంది, అది ఎం5 హల్లే, బాగా చేసారు కూడా, అందులో అబద్ధం లేదు. దాని మీదకి ఇచ్చిన టరెట్ మాత్రం 1941 నాటి మొదటి ఎం3ది, పలకలు పలకలుగా రివెట్లు కొట్టి, పైన బుల్లి కపోలా (బయటికి చూసే గుమ్మటం) పెట్టి. దెబ్బ తగిలితే ఆ రివెట్లే ఊడి లోపల ఉన్నవాళ్ళ మీదకి బుల్లెట్లలా వచ్చేవని కదా తర్వాత వెల్డింగ్‌కి మారింది? ఇంకా బుక్‌లెట్‌లో "విమానం ఇంజిన్‌తో నడిచే ఎం5" అని ఉంది. విమానాల కోసం చేసిన ఏడు సిలిండర్ల రేడియల్ ఇంజిన్, 250 హార్స్‌పవర్‌ది, ఎం3లో ఉండేది. విమానాలకే ఆ ఇంజిన్లు చాలట్లేదని రెండు క్యాడిలాక్ కారు ఇంజిన్లు, వాటికి ఆటోమేటిక్ గేర్లు పెట్టి చేసింది ఎం5, వెనక డెక్ అలా పైకి లేచింది కూడా వాటి కోసమే. అంటే మీ శిల్పికి తెలిసింది మీ బుక్‌లెట్ రాసినాయనకి తెలీదు, పక్క పక్క సీట్లలో కూర్చునే మనుషులే అయ్యుంటారు, ఒక్కసారి మాట్లాడుకుంటే సరిపోయేది.

డెకల్ షీట్ (ట్యాంకుల మీద అంటించే గుర్తుల) సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తా: అన్నీ అమెరికా తెల్ల నక్షత్రాలే. 1948లో జోజిలా మీద అమెరికా వాళ్ళు ఎవరూ లేరు.

మూడోది యూనిట్ కార్డు, అంటే ఆటలో ఆ ట్యాంకు ఎంత కదలాలో, దానికి ఎన్ని పాయింట్లో చెప్పే కార్డు. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. స్టువర్ట్ అంటే ఏంటి? లైట్ ట్యాంకు. 37 ఎంఎం గన్, ఎంత మందంగా ఉన్నచోటైనా సుమారు 2 అంగుళాల కవచం, నలుగురు మనుషులు, రోడ్డు మీద గంటకి 58 కిలోమీటర్లు. 1941 నవంబర్లో లిబియా ఎడారిలో ఆపరేషన్ క్రూసేడర్‌లో బ్రిటిష్ వాళ్ళు దీన్ని మొదటిసారి యుద్ధంలోకి దింపినప్పుడే గన్ చాలట్లేదని, పెట్రోల్ ఊరికే అయిపోతోందని అర్థమైపోయింది, అయినా ఆగకుండా, మొరాయించకుండా పరిగెత్తేదని దానికి ముద్దుగా హనీ అని పేరు పెట్టుకున్నారు. దాని బలం పరుగు, నమ్మకం. టేబుల్ మీద కూడా దాని పని అదే, పక్క నుంచి దూసుకెళ్ళి మెషిన్ గన్‌లతో కాల్బలాన్ని చెదరగొట్టి ఆబ్జెక్టివ్ పట్టుకుని కూర్చోవడం, పెద్ద ట్యాంకు ఎదురైతే గోడ వెనక దాక్కోవడం. జర్మన్ల పెద్ద ట్యాంకు పాంథర్ ఎదురుగా దీన్ని నిలబెట్టి 37 ఎంఎం గన్‌తో డైస్ వేసేవాణ్ణి మా గ్రూప్‌లో టీ తేవడానికి పంపిస్తాం.

మీ కార్డులో ఏముంది? మూవ్‌మెంట్ 6 ఇంచులు! స్టువర్ట్ కన్నా పెద్దదైన షెర్మన్ ట్యాంకుకి మీ కార్డులో 9. నడిచే సోల్జర్‌కి కూడా 6 ఇచ్చారు. షెర్మన్ రోడ్డు మీద స్టువర్ట్ వెనక పడేది సార్, ముందు కాదు. పాయింట్లు చూస్తే స్టువర్ట్ 180, షెర్మన్ 200. ఇరవై పాయింట్లకి 75 ఎంఎం గన్, మందమైన కవచం, ఎక్కువ వేగం వస్తుంటే స్టువర్ట్ ఎవడు తీసుకుంటాడు చెప్పండి? స్కౌట్ రూల్ లేదు, ఉండాల్సిన మెషిన్ గన్ డైస్ లేవు, వాటికి బదులు "యాంటీ ట్యాంక్ బోనస్" అని ఒకటి ఇచ్చారు. జోజిలాలో అవతలివాళ్ళకి అసలు ట్యాంకులే లేవు. గుహల్లో, రాళ్ళ బంకర్లలో మెషిన్ గన్‌లు పెట్టుకుని కూర్చున్నారు, ట్యాంకు వచ్చి దగ్గర్నుంచి కాలిస్తే వాళ్ళు ఏం చేయలేకపోయారు, మొత్తం కిటుకే అది. ఎదురుగా యూరప్‌లోలాగా టైగర్ ట్యాంకు ఉండుంటే ఈ స్టువర్ట్‌లు పది నిమిషాలు నిలిచేవి కావు. అంటే గన్ ఎంత పెద్దదని కాదు, అక్కడ ట్యాంకు ఉండదని అందరూ అనుకునే చోటికి దాన్ని చేర్చారు, అదీ గెలుపు.

ఇప్పుడు అసలు సంగతికొస్తా, నాకు కోపం తెప్పించింది ఇదే. బుక్‌లెట్ 7వ పేజీ, స్పెషల్ టెరైన్ రూల్స్: "మంచు మరియు పర్వత మార్గము: ట్రాక్డ్ వాహనములు ప్రవేశించరాదు." మీ మ్యాప్ మొత్తం మంచు, పర్వత మార్గమే! అంచు నుంచి అంచు దాకా. అంటే 5 ట్యాంకులు టేబుల్ అంచు మీద నిలబడి చూస్తూ ఉంటాయి, ఇన్‌ఫాంట్రీ ఒక్కటే పైకెక్కి మెషిన్ గన్‌లకి బలైపోవాలి. పెళ్ళికొడుకుని గేటు బయట నిలబెట్టి పెళ్ళి చేసినట్టుంది. మేం ఒకసారి అలాగే ఆడి చూసాం, పోనీ ఏదైనా ట్విస్ట్ ఉందేమో అని, నాలుగో టర్న్‌కి నా ఇన్‌ఫాంట్రీ అయిపోయింది. ఒకరకంగా అది సెప్టెంబర్ 1948 సినారియో అవుతుంది, మన 77 పారా బ్రిగేడ్ ట్యాంకులు లేకుండా ఎదురుగా ఎక్కబోయి దెబ్బతిని ఆగిపోయింది అప్పుడే. ఆ దెబ్బ తర్వాతే కదా అక్కడ మన సైన్యాన్ని నడిపిస్తున్న మేజర్ జనరల్ తిమ్మయ్య ట్యాంకులు తెప్పించింది. మీ రూల్ రాసినాయన ఆలోచన, కనుమకి అటువైపు కూర్చున్నవాళ్ళ ఆలోచన, రెండూ ఒకటే: 11,500 అడుగుల పైన మంచులోకి ట్యాంకు రాదు అని. వచ్చింది సార్. లెఫ్టినెంట్ కల్నల్ రాజిందర్ సింగ్, అందరూ స్పారో అని పిలిచే ఆయన, తన 7వ లైట్ కావల్రీ ట్యాంకులతో నవంబర్ 1నే కనుమ దాటి అవతలున్న గుమ్రీ దాకా వెళ్ళాడు, ఆ నెలాఖరు లోపే ద్రాస్, కార్గిల్ చేతికొచ్చి లేహ్‌కి దారి తెరుచుకుంది.

అసలు ట్యాంకు పైకి ఎలా వెళ్ళింది? ఇది మీ బుక్‌లెట్‌లో ఒక్క లైను కూడా లేదు. కంచర గాడిదలు నడిచే బాట అది. దారులు, బ్రిడ్జిలు వేసే సైనిక ఇంజినీర్లు మద్రాస్ సాపర్స్, వాళ్ళ ఫీల్డ్ కంపెనీలు రెండు కలిసి ఆ కొండ అంచుని తవ్వి బండి పట్టేంత దారి వేసాయి. మా గ్రూప్‌లో ఒకతని నాన్నగారు మద్రాస్ సాపర్స్‌లోనే చేసి రిటైర్ అయ్యారు, మనవైపు నుంచి ఆ గ్రూప్‌లో చేరేవాళ్ళు చాలామందే కదా, ఈయనది జోజిలా తర్వాత చాలా ఏళ్ళకి సర్వీసు అనుకోండి, అయినా బెంగళూరు సెంటర్‌లో ఆ కథ విని పెరిగిన మనిషి. బాక్స్ వచ్చిందంటే చూడ్డానికి మెట్లెక్కి వచ్చారు. బుక్‌లెట్ మొత్తం తిప్పి, ఇన్‌ఫాంట్రీ బొమ్మలు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూసి "మావాళ్ళు ఏరి బాబూ, పలుగు పార ఉన్న బొమ్మ ఒక్కటీ లేదే" అన్నారు. నాకు ఏం చెప్పాలో తెలీలేదు. 7వ లైట్ కావల్రీ కూడా 1784 నాటి పాత మద్రాస్ సైన్యం నుంచి వచ్చిన రెజిమెంటే, మీరు కవర్ మీద "దక్షిణాది వీరుల గాథ" అని వేసుకుని లోపల దక్షిణాది ఊసే ఎత్తకపోతే ఎలా?

కథలు కరువై రాయలేదు అనుకోవడానికి కూడా లేదు. అదే రెజిమెంట్ 1944లో ఇంఫాల్‌లో, తర్వాత బర్మాలో స్టువర్ట్‌లతోనే పోరాడింది. 1942లో బర్మా నుంచి వెనక్కొచ్చేటప్పుడు బ్రిటిష్ వాళ్ళు చింద్విన్ నది దాటించలేక ట్యాంకులన్నీ పాడుచేసి వదిలేస్తే ఒక్క స్టువర్ట్ మాత్రం ఒడ్డు దాటింది, దాని పేరు కర్స్ ఆఫ్ స్కాట్లాండ్, పేకలో డైమన్ తొమ్మిదికి ఇంగ్లీషు వాళ్ళు పెట్టుకున్న పేరు అది. తర్వాత దాని టరెట్ తీసేసి 7వ లైట్ కావల్రీ వాళ్ళే కమాండ్ బండిగా వాడుకుని మళ్ళీ రంగూన్ వైపు తీసుకెళ్ళారు. చూడండి, టరెట్ లేని స్టువర్ట్‌కి కూడా ఎంత మంచి చరిత్ర ఉందో, ఆ కార్డు ఒకటి పెట్టి అమ్ముంటే నేను ఆ మూడు హల్స్ గురించి నోరెత్తేవాణ్ణి కాదు.

నాకు కావాల్సింది చెప్తా. మూడు ట్యాంకులు హల్ టరెట్ కలిపి కొత్తవి, అది కూడా ఎం5 టరెట్లతో. సరిచేసిన యూనిట్ కార్డు, మూవ్‌మెంట్ 12 ఇంచులు చేసి పాయింట్లు 110, 120 మధ్య పెట్టండి, మేం నాలుగు వారాలు అలా పెట్టుకుని ఆడి చూసాం, అక్కడ బ్యాలెన్స్ అవుతోంది. 7వ పేజీ రూల్ తీసేసి దాని బదులు సాపర్స్ యూనిట్ ఒకటి ఇవ్వండి, సాపర్స్ ఒక టర్న్ పని చేస్తే 6 ఇంచుల దారి తెరుచుకోవాలి, ట్యాంకు ఆ దారిలోనే కదలాలి, ప్రతి టర్న్‌కీ ఒక డైస్ వేసి 1 పడితే మంచులో జారి ఆగిపోవాలి. ఇది మేం ఆడుతున్న రూలే, ఉచితంగా వాడుకోండి, పేరు కూడా వేయక్కర్లేదు. ఇవేవీ కుదరవంటే 5,030 రూపాయలు మొత్తం తిరిగి ఇచ్చేయండి. "ఓపెన్ చేసిన బాక్స్‌కి రిఫండ్ లేదు" అని చాట్‌లో అన్నారు, ఓపెన్ చేయకుండా టరెట్ పట్టదని ఎలా తెలుస్తుంది అండి?

పదిహేను రోజులు చూస్తా. ఈలోపు మనిషి అనేవాళ్ళు రాసిన జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేస్తా, అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తా, బిల్లు, ఫొటోలు, మీ చాట్ స్క్రీన్‌షాట్లు అన్నీ దాచుకున్నా.

పార్సిల్ పంపితే మాత్రం ఆదివారం పదకొండు లోపు అందేలా చూడండి, ఆ సాపర్స్ నాన్నగారు ఆ టైముకే మేడ మీదకి వస్తారు. పలుగు పార ఉన్న బొమ్మలు నాలుగు అందులో వేయగలిగితే ఇంకా మంచిది, వాటికి వేరే డబ్బులైనా ఇస్తా.

ఇట్లు,
జోజిలా బాక్స్ ప్రీ ఆర్డర్ కస్టమర్
(ఆర్డర్ నంబర్, ఫొటోలు జత చేసిన ఫైల్లో ఉన్నాయి)