డాన్యా పేరు మీద మన పిల్లల బ్లిట్జ్: సాయం చేసిన అందరికీ థాంక్స్

అందరికీ నమస్కారం అండి. ఈ మధ్య పోయిన చెస్ గ్రాండ్‌మాస్టర్ డాన్యా గుర్తుగా ఇక్కడ పిల్లలకి బ్లిట్జ్ (నిమిషాల్లో అయిపోయే చెస్) టోర్నీ పెట్టాం కదా, అందులో వచ్చిన డబ్బులతో కొన్న చెస్ బోర్డులు, క్లాకులు తెనాలిలో స్కూలుకి చేరాయని నిన్న రాత్రి ఫోటోలు వచ్చాయి. అవి వచ్చాకే ఈ పోస్ట్ పెడదామని ఆగాను, అందుకే ఇంత లేటు. పేర్లు రాయొద్దని చాలామంది ముందే చెప్పారు కాబట్టి ఎవరి పేరూ రాయట్లేదు, చదువుతుంటే ఎవరి గురించో వాళ్ళకే తెలిసిపోతుంది.

టోర్నీ రోజు, 2025 నవంబర్ 9 ఆదివారం, క్లబ్‌హౌస్‌కి వచ్చిన పేరెంట్స్‌లో సగం మంది నన్ను అడిగింది ఒకటే, "ఎవరండీ ఈ డాన్యా, మీకు తెలిసినాయనా" అని. తెలియడమంటే ఎట్లా చెప్పాలి, నేనెప్పుడూ కలవలేదు, చెయ్యి కలపలేదు, కానీ కరోనా టైం నుంచి మా ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా చెస్ వీడియోల్లో ఆయన గొంతే వినపడేది. పూర్తి పేరు డేనియల్ నరోడిట్‌స్కీ, అందరూ డాన్యా అనేవాళ్ళు. 1995 నవంబర్ 9న కాలిఫోర్నియాలోని శాన్ మాటియోలో పుట్టాడు, వాళ్ళ నాన్నది ఉక్రెయిన్, అమ్మది అజర్‌బైజాన్. ఆరేళ్ళప్పుడు అన్నయ్య దగ్గర ఆట నేర్చుకుని 2007లో టర్కీలోని అంటాల్యాలో అండర్-12 ప్రపంచ చాంపియన్ అయ్యాడు. పద్నాలుగేళ్ళకి పొజిషనల్ చెస్ (తొందరపడి దాడి చేయకుండా కాయిన్లని మంచి చోట్ల పెట్టుకుంటూ ఆడే పద్ధతి) మీద పుస్తకం రాశాడు, పిల్లల పుస్తకం కాదండోయ్, పెద్ద ప్లేయర్లు చదివే పుస్తకం. 2013లో అమెరికా జూనియర్ చాంపియన్, అదే ఏడాది గ్రాండ్‌మాస్టర్ టైటిల్, తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో హిస్టరీ చదివి 2019లో డిగ్రీ తీసుకున్నాడు (చెస్ ఆడితే చదువు పోతుంది అనే మా బంధువులందరికీ ఈ లైన్ అంకితం). ఆ తర్వాత నార్త్ కరోలినాలో మన షార్లెట్‌కే వచ్చేసి ఇక్కడి చెస్ సెంటర్‌లో హెడ్ కోచ్‌గా చేశాడు. అంటే మనం ఇండియన్ స్టోర్‌కి వెళ్ళొచ్చే ఊళ్ళోనే ఉండేవాడు, మనలో చాలామందికి ఆ సంగతే తెలీదు.

2025 అక్టోబర్ 20న, కరెక్ట్‌గా దీపావళి రోజు, ఆ సెంటర్ వాళ్ళే ఆయన పోయాడని ప్రకటించారు. 29 ఏళ్ళు. ఇంకో ఇరవై రోజులుంటే ముప్పై నిండేవి. మేం ఆ సాయంత్రం దీపాలు పెట్టాం, పిల్లలు కాకరపువ్వొత్తులు వెలిగించారు, కానీ మా వాడు ఇంట్లోకొచ్చి పాత వీడియో పెట్టుకుని కూర్చున్నాడు, నేను కూడా పండగపూట టీవీ ఏంట్రా అనలేకపోయా. ఆ రోజే అనుకున్నాం, పుట్టినరోజు ఎలాగూ ఆదివారం వస్తోంది, నలుగురు పిల్లల్ని పిలిచి బ్లిట్జ్ ఆడిద్దాం అని. నలుగురు అనుకున్నది మీ పుణ్యమా అని హాలు సరిపోనంత అయ్యింది.

కొంచెం ఆయన ఆట గురించి కూడా చెప్పాలి, లేకపోతే ఏదో యూట్యూబ్ అబ్బాయి అనుకుంటారు. క్లాసికల్‌లో (గంటల తరబడి ఆడే ఆట) రేటింగ్ 2647 దాకా వెళ్ళాడు, కానీ అసలు బలం బ్లిట్జ్, బుల్లెట్ (అంతకంటే వేగంగా, నిమిషంలో ఆడేది). 2024 చివర్లో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ బ్లిట్జ్‌లో స్విస్ దశ (సమాన పాయింట్లు ఉన్నవాళ్ళు ఒకరితో ఒకరు ఆడే మొదటి దశ) అయ్యేసరికి టాప్‌లో ఉన్నవాళ్ళతో సమానంగా పాయింట్లు తెచ్చుకున్నాడు, నాకౌట్‌కి ఎనిమిది మందినే తీసుకుంటారు, టైబ్రేక్‌లో (పాయింట్లు సమానమైతే చూసే లెక్క) ఈయనకి తొమ్మిదో స్థానం వచ్చింది. వెంట్రుకవాసి అంటే అదే. 2025 ఆగస్టులో యూఎస్ నేషనల్ బ్లిట్జ్‌లో 14కి 14 గెలిచాడు, ఒక్క డ్రా కూడా ఇవ్వకుండా. బ్లిట్జ్ ఆడేవాళ్ళకి తెలుసు, పద్నాలుగు గేముల్లో ఎక్కడో ఒకచోట చెయ్యి జారుతుంది, టైం అయిపోతుంది, గెలిచే పొజిషన్‌లో గుర్రం ఫోర్క్ కొడుతుంది (ఒకేసారి రెండు కాయిన్ల మీద పడుతుంది). ఈయనకి ఆ రోజు అవేవీ జరగలేదు, జరిగినా తట్టుకుని బయటపడ్డాడు.

కానీ నన్ను అడిగితే ఆ 14 కంటే స్పీడ్‌రన్‌లే గొప్ప. తెలియని వాళ్ళకి, స్పీడ్‌రన్ అంటే గ్రాండ్‌మాస్టర్ ఆన్‌లైన్ చెస్ సైట్‌లో కొత్త అకౌంట్‌తో కింద రేటింగ్ నుంచి మొదలుపెట్టి, మనలాంటి వాళ్ళతో ఆడుకుంటూ, ప్రతి ఎత్తూ ఎందుకు వేస్తున్నాడో గట్టిగా చెప్తూ పైకి వెళ్ళడం. ఓడిన వాళ్ళ రేటింగ్ పాయింట్లు సైట్ వాళ్ళు తిరిగి ఇచ్చేస్తారు కాబట్టి ఎవరికీ నష్టం లేదు. ఇట్లాంటివి చాలామంది చేస్తారు, కొందరు అవతలి వాడు మంత్రిని పోగొట్టుకుంటే నవ్వుకుంటారు, చూసేవాళ్ళకీ సరదాగానే ఉంటుంది. డాన్యా అలా చెయ్యడు. అవతల కూర్చున్నవాడు తప్పు ఎత్తు వేస్తే, అతను ఏం ఆలోచించి అది వేసి ఉంటాడో ముందు అది చెప్తాడు, ఆ ఆలోచనలో మంచి ఎంతుందో చెప్తాడు, అప్పుడు ఎక్కడ తేడా వచ్చిందో చూపిస్తాడు. గేమ్ అయిపోయాక కూడా వదలడు, మళ్ళీ మొదటి నుంచి తిప్పి, ఇక్కడ నేను కూడా ఇంకో ఎత్తు వేసి ఉండొచ్చు అంటాడు. సిసిలియన్ అనే ఓపెనింగ్‌కి (ఆట మొదలుపెట్టే పద్ధతి) జవాబుగా అలాపిన్ ఎలా ఆడాలో మా ఇంట్లో అందరికీ ఆయన దగ్గరే వచ్చింది, మా ఆవిడకి కూడా, తనకి చెస్ ఇష్టమే లేదు, వంటింట్లోంచి వినీ వినీ వచ్చేసింది. సెలవులకి వచ్చిన మేనమామ పక్కన కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పినట్టు ఉండేది ఆ పద్ధతి, తొందర పెట్టడు, తిట్టడు, కానీ తప్పుని తప్పనే అంటాడు.

ఇంకోటి, ఎండ్‌గేమ్, అంటే కాయిన్లు తక్కువ మిగిలిన చివరి దశ. పిల్లలకి ఎండ్‌గేమ్ అంటే బోర్, ఓపెనింగ్ ట్రాప్‌లు కావాలి వాళ్ళకి. డాన్యా చాలా ఏళ్ళు అమెరికా చెస్ పత్రికకి ఎండ్‌గేమ్ కాలమ్ రాసినవాడు, రాజు, బంటు మిగిలిన పొజిషన్ని కూడా కథలాగా చెప్పేవాడు. అందుకే ఆ రోజు టోర్నీ మొదలయ్యే ముందు గంటసేపు ఎండ్‌గేమ్ పెట్టాం. అది చెప్పింది విజిటర్ వీసా మీద కొడుకు దగ్గరకి వచ్చిన మన గుంటూరు పెద్దాయన, రిటైర్డ్ లెక్కల మాస్టారు. మాస్టారూ, మీకు పాదాభివందనం. మీరు తెల్ల రాజుని ఈ5లో, బంటుని ఈ4లో, నల్ల రాజుని ఈ7లో పెట్టి "ఇప్పుడు ఎవరి వంతు అయితే మంచిది" అని అడిగినప్పుడు పిల్లలందరూ తెల్లవాళ్ళ వంతు అయితే మంచిది అని అరిచారు, మీరు నవ్వుతూ ఆడి చూపించారు, తెల్ల వంతు అయితే డ్రా, నల్ల వంతు అయితే తెల్ల గెలుపు. ఎత్తు వెయ్యాల్సి రావడమే నష్టం అయ్యే పరిస్థితి ఉంటుందని అర్థం అయ్యేసరికి ఆ ముఖాలు చూడాల్సింది. ఒక పాప అయితే వాళ్ళ నాన్నని అదే పొజిషన్‌లో మూడుసార్లు ఓడించి వచ్చింది. మన గ్రాండ్‌మాస్టర్లు హరికృష్ణది, హారికది గుంటూరేనని మీరు గర్వంగా చెప్పడం కూడా బాగా నచ్చింది మాస్టారూ, మాది తెనాలి కాబట్టి మా వాటా కూడా అందులో కొంత కలుపుకున్నాం.

ఇక మిగతా థాంక్స్. క్లబ్‌హౌస్ ఫ్రీగా ఇప్పించి, పొద్దున్నే వచ్చి టేబుల్స్ వేసిన అన్నయ్యకి. ఆర్డర్ చేసిన క్లాకులు రావాల్సిన రోజుకి రాలేదు, శుక్రవారం సాయంత్రానికి నా చేతిలో ఉన్నవి నాలుగంటే నాలుగు, మెసేజ్ పెట్టిన గంటలో రాలీ నుంచి తమ్ముడు ఫోన్ చేసి "నేను తెస్తా అన్నా" అన్నాడు, ఆదివారం చీకటితోనే బయల్దేరి రెండున్నర గంటలు డ్రైవ్ చేసి డిక్కీ నిండా డిజిటల్ క్లాకులు తెచ్చాడు, అన్నిట్లో 3 నిమిషాలు, ఎత్తుకి 2 సెకన్లు ముందే సెట్ చేసి మరీ. నువ్వు లేకపోతే ఆ రోజు పిల్లలు ఫోన్ల మీద టైం చూసుకుంటూ ఆడాల్సొచ్చేది తమ్ముడూ. లాప్‌టాప్‌లో స్విస్ పెయిరింగ్ చూసుకున్న అక్కకి, రౌండ్ రౌండ్‌కీ "మా అబ్బాయికి ఎందుకు పెద్దవాళ్ళతో పడింది" అని అడిగిన తల్లిదండ్రులందరికీ (నాతో సహా కాదు, మా ఆవిడతో సహా) ఓపిగ్గా స్విస్ సిస్టం అంటే సమాన పాయింట్లు ఉన్నవాళ్ళని కలపడం అని చెప్పినందుకు. టచ్ మూవ్ (ముట్టుకున్న కాయిన్నే ఆడాలనే రూలు) గొడవలు తీర్చిన ఇద్దరు కాలేజీ పిల్లలకి. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ తెచ్చిన అత్తయ్యలకి, అందులో మిర్చి బజ్జీల అత్తయ్యగారికి స్పెషల్‌గా, నాలుగో రౌండ్ ఇరవై నిమిషాలు లేట్ అవ్వడానికి కారణం మీ బజ్జీలే.

మా వీధి చివర ఉండే అమెరికన్ పెద్దాయనకి ఈ పోస్ట్ చదవడం రాదు, అయినా రాస్తున్నా, వాళ్ళ పక్కింటివాళ్ళు ఎవరైనా చెప్పండి. ఆయన తన చెక్క సెట్ తెచ్చుకుని, అందరికంటే చిన్న పిల్లతో మొదటి గేమ్ ఆడాడు. న్యూయార్క్ టైమ్స్‌లో డాన్యా చెస్ పజిళ్ళు ఇచ్చేవాడు, ఈ పెద్దాయన వాటిని కాగితాల మీద దాచుకున్న ఫైల్ కూడా తెచ్చి పిల్లలకి ఇచ్చాడు. టీ బ్రేక్‌లో ఆటకంటే దాని మీదే ఎక్కువమంది గుమిగూడారు.

కొంతమంది పేరెంట్స్ చాటుగా నన్ను అడిగారు, ఆయన మీద ఆన్‌లైన్‌లో ఏవో మోసం ఆరోపణలు వచ్చాయంట కదా అని. వచ్చాయి. ఒక మాజీ ప్రపంచ చాంపియన్ పబ్లిక్‌గా అనుమానాలు పెట్టాడు, డాన్యా అవన్నీ ఖండించాడు, ఏదీ రుజువు కాలేదు. చివరి ఏడాది ఆయన్ని అది బాగా నలిపేసిందని ఆయన నోటితోనే విన్నాం. అంతకుమించి ఆ విషయం ఇక్కడ మాట్లాడాలని లేదు నాకు, పిల్లల ముందు కూడా మాట్లాడలేదు. గంటలకొద్దీ కెమెరా ముందు కూర్చుని తన బుర్రలో ఏం నడుస్తుందో పైకి చెప్తూ ఆడిన మనిషి ఆయన, ఎవరికైనా అనుమానం ఉంటే ఆ వీడియోలు చూసుకోవచ్చు.

ఇప్పుడు తెనాలి సంగతి. ఎంట్రీ ఫీజు పెట్టలేదు కానీ డబ్బాలో మీరు వేసింది బాగానే వచ్చింది. ఇక్కడ కొని పంపితే షిప్పింగ్, కస్టమ్స్ కలిపి వస్తువు కంటే ఎక్కువ అవుతోంది, అందుకని డబ్బులే పంపాం, నా చిన్నప్పటి ఫ్రెండు విజయవాడ వెళ్ళి బేరమాడి మడతపెట్టే వినైల్ బోర్డులు, ప్లాస్టిక్ కాయిన్లు, క్లాకులు కొని ఆటోలో వేసుకుని గవర్నమెంట్ హైస్కూల్లో పీఈటీ సార్‌కి అప్పజెప్పాడు. రసీదులు కూడా పంపాడు. ఒరేయ్, నీకు థాంక్స్ చెప్తే తిడతావని తెలుసు, అయినా చెప్తున్నా. ఆ పీఈటీ సార్ గురించి ఒక మాట, శనివారం సాయంత్రాలు సొంత టైంలో పిల్లల్ని కూర్చోబెట్టి ఆడిస్తున్నాడు, ఇన్నాళ్ళూ అట్ట మీద గీసిన గళ్ళే. స్కూల్లో పెద్ద టచ్ ప్యానెల్ ఉంది కదా, దాంట్లో డాన్యా వీడియోలు పెడతానన్నాడు. మరి ఇంగ్లీష్ ఎలా అంటే, ఆ పని హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదివే మన చెల్లి చేసింది. బిగినర్ స్పీడ్‌రన్‌లలో కొన్ని గేములు తీసుకుని, ఏ ఎత్తు దగ్గర ఆపాలి, పిల్లల్ని ఏం అడగాలి, జవాబేంటి అని తెలుగులో నోట్స్ రాసి పంపింది, ఏనుగు, శకటు, మంత్రి అని మన మాటల్లోనే. సెమిస్టర్ ఎగ్జామ్స్ మధ్యలో చేసిందమ్మా అది. ఇక్కడ మన పిల్లలకి కూడా అదే నోట్స్ కావాలని ఇద్దరు ముగ్గురు అడిగారు, తెలుగు చదవడం వచ్చిన వాళ్ళకి పంపుతా, రానివాళ్ళు అమ్మమ్మల చేత చదివించుకోండి, మంచిదే కదా.

మా చిన్నప్పుడు తెనాలిలో మంచి కోచ్ దగ్గర నేర్చుకోవాలంటే బస్సెక్కి గుంటూరో విజయవాడో పోవాలి, డబ్బులుండాలి, వెంట తీసుకెళ్ళే మనిషుండాలి. ఇప్పుడు అదే ఊళ్ళో ఒక ఎనిమిదో తరగతి పిల్ల గ్రాండ్‌మాస్టర్ ఆలోచిస్తుంటే పైసా ఖర్చు లేకుండా వింటోంది. ఇలా నేర్పినవాళ్ళు ఇంకా ఉన్నారు, కాదనను, కానీ ఇంత ఓపికతో, ఇన్ని గంటలు, అదీ తను పెద్ద టోర్నీలు ఆడుకుంటూనే చేసినవాళ్ళు నాకు తెలిసి చాలా తక్కువ. డాన్యా వాళ్ళ అమ్మగారికి, అన్నయ్యకి మన పిల్లలు సంతకాలు చేసిన కార్డు ఒకటి చెస్ సెంటర్‌కి ఇచ్చి వచ్చాం, వాళ్ళకి అందజేస్తామన్నారు. మా వాడు అందులో ఎండ్‌గేమ్ పొజిషన్ బొమ్మ గీసి కింద థాంక్యూ అని రాశాడు, అంతకంటే నేను కూడా ఏం రాయగలిగేవాణ్ణి కాదు.

లెక్కలు కావాలన్న వాళ్ళు మెసేజ్ పెట్టండి, ఖర్చు షీట్ పంపుతా, కొంచెం మిగిలింది, దాంతో స్కూలుకి స్కోర్ షీట్ పుస్తకాలు కొనమని చెప్పాను. క్లబ్‌హౌస్‌లో ఒక నల్ల గుర్రం, ఒక పసుపు లంచ్ బాక్స్, చిన్న పిల్లల నీలం జాకెట్ మిగిలిపోయాయి, మా గరాజ్‌లో ఉన్నాయి. గుర్రం మాత్రం అర్జెంట్‌గా ఎవరిదో చెప్పండి, ఒక సెట్ అసంపూర్తిగా ఉండి ఉంటుంది ఎక్కడో.