పోటు చూసి పడవ కదిలించండి: అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

కాకినాడ దగ్గర కుంభాభిషేకం అనే చోటి బురద నేలల్లోనూ, కోరింగ మడ అడవుల అంచునా, హోప్ ఐలాండ్ ఇసుక మీదా చలికాలంలో దిగే ఇండియన్ స్కిమ్మర్ అనే పక్షి కోసం ఈ లేఖ. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతిగా 2020లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీని స్థాయి మార్చింది. వేసవిలో చంబల్, మహానది లాంటి నదుల ఇసుక తిన్నెల మీద గుడ్లు పెట్టే ఈ పక్షికి చలికాలంలో మన తీరం ఒక ఆసరా.

దీని కింది ముక్కు పై ముక్కు కంటే పొడుగు. నోరు తెరిచి, కింది ముక్కును నీట ముంచి, నీటిని కోసుకుంటూ ఎగురుతుంది. చేప తగిలిందంటే ముక్కు టక్కున మూసుకుంటుంది. ఈ వేట ఎక్కువగా మునిమాపు వేళ, రాత్రిపూట. పగలు టెర్న్‌లు, గల్స్ లాంటి నీటిపక్షుల మధ్య ఇసుక మీద గాలికి ఎదురుగా ముఖం పెట్టి కదలకుండా ఉంటుంది. దూరం నుంచి చూసి తీరాన తిరిగే మరో పక్షి ఆయిస్టర్‌క్యాచర్‌ను ఇదే అనుకోవడం మామూలే. రెండూ నలుపు తెలుపే, ముక్కూ నారింజ ఎరుపే. తేడా పట్టుకోవాలంటే నుదురు చూడాలి: స్కిమ్మర్‌కు నుదురు, మెడ పట్టీ తెలుపు, ముక్కు కొస పసుపు. ఆయిస్టర్‌క్యాచర్‌కు తలంతా నలుపే, ముక్కు సూటిగా ఉంటుంది.

రోజంతా తిరిగినా ఈ పక్షి కనపడలేదనేవాళ్లలో ఎక్కువ మంది పోటు చూడకుండా గడియారం చూసి బయల్దేరినవాళ్లే. పాటు మీద, అంటే నీరు వెనక్కి తగ్గినప్పుడు, బురద కిలోమీటర్ల మేర బయటపడుతుంది, పక్షులు దాని మీద చెల్లాచెదురైపోతాయి. పోటు ఎక్కేకొద్దీ బురద మునిగి, మిగిలిన నాలుగైదు దిబ్బల మీదికి అన్నీ చేరతాయి. కనుక పోటు నిండటానికి రెండు గంటల ముందే దిబ్బ ఎదురుగా ఉండాలి. రోజూ పోటు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఈ వారం సరిపోయిన వేళ పై వారానికి పనికిరాదు. అష్టమి, నవమి రోజుల్లో పోటు బలం తక్కువ, బురద పూర్తిగా మునగదు, పక్షులు దగ్గరికి రావు. అమావాస్య, పున్నమి దాటిన రెండు మూడు రోజులు నీరు బాగా ఎక్కుతుంది. మత్స్యకారులకు ఇది చెప్పనక్కర్లేదు. పడవ టికెట్టు వేళలు రాసేటప్పుడు మాత్రం ఈ లెక్క గుర్తుకు రావడం లేదు.

ఇక్కడే ఒక చిక్కుంది. చూడటానికి మంచి వేళే పక్షికి కష్టమైన వేళ. నిండు పోటులో పడవ దిబ్బ దాకా వెళ్లిందంటే గుంపు మొత్తం లేస్తుంది. మళ్లీ దిగడానికి వేరే చోటు దొరకడం కష్టం, బురదంతా నీళ్లలోనే. రాత్రి వేటకు దాచుకున్న బలం గాల్లో చుట్లు కొట్టడానికే ఖర్చయిపోతుంది. తల ఎత్తి అటూ ఇటూ చూడటం, రెండు మూడు పక్షులు రెక్కలు చాచి నాలుగడుగులు నడవడం గుంపు లేవబోతోందనడానికి గుర్తులు. అది కనపడగానే ఇంజన్ ఆపి వెనక్కి తగ్గాలి. ఫొటో కోసం ఇంకో పది మీటర్లు ముందుకు తీసుకెళ్లమని పడవ సరంగును ఒత్తిడి చేసేవాళ్లను ఆపే నియమం కావాలి.

అందుకే అడుగుతున్నాం. నవంబరు నుంచి మార్చి దాకా పడవ వేళలను పోటు పట్టికను బట్టి నెలనెలా ప్రకటించండి. పక్షులు వాలే దిబ్బల చుట్టూ 200 మీటర్ల దూరాన సరుగుడు వాసాలు పాతి ఎర్రగుడ్డ కట్టించండి. ఒక వర్షాకాలం గడిచేసరికి దిబ్బలు చోటు మారతాయి, కాబట్టి ప్రతి ఏటా అక్టోబరులో మళ్లీ కొలవాలి. ఆ గీత లోపలికి పడవ, డ్రోను, మనిషి ఎవరూ పోకూడదు. ఒడ్డున ఎత్తైన చోట మూడు కాళ్ల స్టాండు మీద ఒక టెలిస్కోపు ఉంటే చాలు, అంత దూరం నుంచీ ముక్కు కొస పసుపు తెలుస్తుంది. పడవలో టెలిస్కోపు ఊగిపోతుంది, అక్కడ 8 రెట్ల బైనాక్యులర్ నయం. సూర్యుడు వీపున ఉండేలా నిలబడాలి. ఉదయం పది దాటితే ఇసుక మీద వేడి గాలి అలల్లా ఆడుతుంది, పక్షి రంగు నమ్మలేం.

సరంగులకు లెక్కించడం నేర్పి, ఆ రోజుకు కూలీ ఇవ్వండి. గుంపు కూర్చుని ఉన్నప్పుడు పదేసి చొప్పున ఎడమ నుంచి కుడికి రెండుసార్లు లెక్కించాలి. ఎగిరాక చెప్పే అంకె నమ్మదగింది కాదు.

ప్రతి జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన ఇక్కడ ఒక్కో బృందం ఒక్కో వేళ చేస్తే, ఒకే గుంపు రెండు చోట్ల లెక్కకెక్కుతుంది, లేదా ఎక్కడా ఎక్కదు. కుంభాభిషేకం, కోరింగ, హోప్ ఐలాండ్ మూడు చోట్లా ఒకే పోటుకు, ఒకే గంటలో లెక్క మొదలవ్వాలి. రాబోయే జనవరికి తేదీ ఖాయం చేసే ముందు మీ అధికారులతో పోటు పట్టిక ఒకసారి తెప్పించుకుని చూడండి.

ఇట్లు,
గోదావరి మొగల దగ్గర పక్షులను లెక్కించే కొందరం