తీసేసిన ఆ రెండు ఫారాలు ఎవరివి?

సంపాదకులకు నమస్కారం.

డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యాను. శ్రీకాకుళంలోనే ఉంటున్నాను. సైకాలజీలో పరిశోధన చేసే పిల్లలు లెక్కల కోసం మా ఇంటికి వస్తుంటారు. మొన్న కవిటి వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఉద్దానంలో డయాలసిస్ పేషెంట్లను చూసుకునే ఇంటివాళ్ల మానసిక ఒత్తిడి ఆమె అంశం. ఎండలో ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపించుకుంది. వాటిని ఒక కంప్యూటర్ సెంటర్‌లో ఇస్తే ఏ కారణానికి ఒత్తిడితో ఎంత సంబంధం ఉందో లెక్కగట్టే హైరార్కికల్ రిగ్రెషన్ చేసి ప్రింట్లు చేతిలో పెట్టారు. "రెండు ఫారాలు తేడాగా ఉన్నాయి, తీసేశాం. ఆర్ స్క్వేర్ బాగా పెరిగింది" అన్నారట. ఒత్తిడిలోని తేడాల్లో ఎంత భాగాన్ని మనం తీసుకున్న కారణాలు వివరిస్తున్నాయో చెప్పే అంకె అది.

"ఏ రెండమ్మా?" అని అడిగాను. తెలియదంది. ఆ మాటకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ పద్ధతిలో కారణాలను మెట్లమెట్లుగా కలుపుతాం. ఆమె ముందు వయసు, ఆదాయం పెట్టింది. తర్వాత ఎన్నేళ్లుగా చూసుకుంటున్నారన్నది, చివర అయినవాళ్ల ఆసరా. చివరి మెట్టుతో ఆర్ స్క్వేర్ ఎంత పెరిగిందన్నదే థీసిస్‌కు ప్రాణం. ఆ పెరుగుదల చాలాసార్లు కొంచెమే ఉంటుంది. ఒక్క ఫారం దాన్ని పుట్టించగలదు, మాయం చేయనూగలదు. అందుకే తీసేసే ముందు ఆ కాగితం ముఖం చూడాలి.

ఇద్దరం వరండాలో కూర్చుని కట్ట విప్పాం. ఒక ఫారంలోని కారణాలన్నిటినీ కలిపి చూస్తే అది మిగతావాటి సగటుకు ఎంత దూరంగా ఉందో చెప్పేది మహలనోబిస్ దూరం. నాలుగు కారణాలకు అది 18.47 దాటితే అనుమానించాలన్నది 0.001 స్థాయిలో, అంటే వెయ్యింటికి ఒకటి లెక్కన, పాటించే హద్దు. దాటినవి రెండే. మొదటి దాంట్లో వయసు 24, చూసుకుంటున్న ఏళ్లు 11. ఇరవై నాలుగేళ్ల వాళ్లు ఉంటారు, పదకొండేళ్లుగా చూసుకుంటున్నవాళ్లూ ఉంటారు. రెండూ ఒకే మనిషికి అంటేనే నమ్మశక్యంగా ఉండదు. విడివిడిగా చూస్తే కంటపడని ఇలాంటి జోడింపును పట్టుకోవడమే ఈ కొలత గొప్పతనం. అసలు కాగితం తీస్తే బాల్‌పెన్నుతో స్పష్టంగా 42 అని ఉంది. టైపింగ్‌లో అంకెలు తారుమారయ్యాయి. దిద్దితే సరిపోయేది, మనిషినే తీసేశారు.

రెండోది చూడగానే అమ్మాయి "మాస్టారూ, ఈవిడ నాకు గుర్తుంది" అంది. ముందు మామగారిని, తర్వాత భర్తను, మొత్తం పధ్నాలుగేళ్లు చూసుకుంది. ఆదాయం అంతంతమాత్రం. అయినా ఆసరా ప్రశ్నలన్నిటికీ పూర్తి మార్కులు. ఆసుపత్రికి వెళ్లే రోజున ఇరుగుపొరుగు వంతులేసుకుని ఆమె ఇంట్లో వంట చేసి పెడతారట. ఆ ఇళ్లలోనూ డయాలసిస్ వాళ్లున్నారు. ఇందులో పొరపాటు ఎక్కడుంది? ఒత్తిడి, ఆసరా గురించి రాసే థీసిస్‌లో ముందుగా చదవాల్సిన కాగితమే అది!

ఇంకో సంగతీ బయటపడింది. ఒకే వీధిలో వంతులేసుకుని బతికేవాళ్ల జవాబులు ఒకదానికొకటి సంబంధం లేనివి ఎలా అవుతాయి? రిగ్రెషన్ అడిగే ముఖ్యమైన షరతు అదే. ప్రింట్‌లో ఈ షరతును పరీక్షించే డర్బిన్-వాట్సన్ విలువ 2 దగ్గర్లో ఉందని, అంటే సంబంధం కనబడలేదని, సంతోషపడడానికి లేదు. అది వరుసలో పక్కపక్కనున్న ఫారాలనే పోలుస్తుంది, ఏ ఇల్లు ఏ వీధిదో దానికి తెలియదు.

మిగతా షరతులను కూడా పిల్లలు తిరగేసి పట్టుకుంటున్నారు. ప్రతి ప్రశ్న మార్కులూ నార్మల్‌గా, అంటే సగటు చుట్టూ గంట ఆకారంలో, ఉన్నాయా అని పేజీలు నింపుతున్నారు. నార్మల్‌గా ఉండాల్సింది రెసిడ్యువల్స్ (అసలు విలువకూ లెక్క చెప్పిన అంచనాకూ మధ్య తేడాలు), అదీ అన్ని మెట్లూ పూర్తయ్యాక. వాటి ప్లాట్ కళ్లంలో గింజలు చల్లినట్టు ఉంటే మంచిది, విసనకర్రలా విచ్చుకుంటే జాగ్రత్త పడాలి.

గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ తన పేరున్న ఈ దూరం కొలతను 1936లో ప్రకటించారు, మనుషుల శరీర కొలతల్లో తేడాలను అర్థం చేసుకునే ప్రయత్నంలో పుట్టింది. వాల్తేరులో గణితం ఎంఏ చదివిన మన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు దాని సాయంతో సూడాన్‌లో తవ్వితీసిన ప్రాచీనుల ఎముకల కొలతలను విశ్లేషించడానికి 1946లో కేంబ్రిడ్జి వెళ్లారు. వేల ఏళ్ల కిందటి ఎముకలకు ఇచ్చిన గౌరవం ఉద్దానంలో బతికున్న మనిషి జవాబుకు ఇవ్వలేమా?

ఉత్తరాంధ్ర విశ్వవిద్యాలయాల్లో థీసిస్‌లు దిద్దే గైడ్లకు, పరీక్షకులకు నా విన్నపం. తీసేసిన ప్రతి ఫారానికీ కారణం రాయించండి. ఆ ఫారాలు ఉంచి ఒకసారి, తీసి ఒకసారి ఫలితాలు చూపించమనండి. ఒక్క కాగితం మొత్తం ఫలితాన్ని ఎంత మారుస్తోందో చెప్పే కుక్స్ డిస్టెన్స్ 1 దాటిన కాగితాన్ని వైవాలో బల్లమీద పెట్టించి మాట్లాడండి. పిల్లలు ఆర్ స్క్వేర్ టెన్షన్‌తో సెంటర్ల చుట్టూ తిరుగుతున్నారు. తక్కువ వచ్చినా తప్పులేదని ముందుగా మీరే చెప్పాలి.

ఆ రెండు ఫారాలనూ తిరిగి కట్టలో పెట్టాం. వచ్చే వారం అమ్మాయి మళ్లీ ఊళ్లోకి వెళ్తోంది. ఈసారి అడగాల్సిన కొత్త ప్రశ్న ఒక్కటే: "మీ వీధిలో ఇంకెన్ని ఇళ్లలో డయాలసిస్ వాళ్లున్నారు?"

- ఒక రిటైర్డ్ లెక్చరర్, శ్రీకాకుళం