పాల ట్యాంకుకు ఏ గ్యాస్ వాడారో అడగండి

సంపాదకులకు నమస్కారం.

మిర్యాలగూడ రైస్ మిల్లుల సామాను, నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు పాల ట్యాంకులు చాలావరకు మన షాపుల్లోనే వెల్డింగ్ అవుతాయి. పనివాళ్లకు చెయ్యి బాగా తిరిగింది. తేడా వచ్చేది గ్యాస్ దగ్గరే. ఇనుప గేటుకు పెట్టిన సీవోటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్‌తోనే కొన్నిచోట్ల ఎస్సెస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) ట్యాంకు కూడా అతికేస్తున్నారు.

కరిగిన లోహానికి గాలి తగిలితే అతుకులో బొక్కలు పడతాయి, అతుకు పెళుసుబారుతుంది. గాలిని దూరంగా ఉంచడం గ్యాస్ మొదటి పని. రాడ్డు వెల్డింగ్‌లో ఆ పని రాడ్డు మీది పూతే చేస్తుంది. ‘లో హైడ్రోజన్’ (హైడ్రోజన్ తక్కువ ఉండే) రాడ్డు పూతలోని సున్నపురాయి, ఆర్క్ (లోహాన్ని కరిగించే విద్యుత్ మెరుపు) వేడికి విడిపోయి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. దామరచర్ల వైపు సిమెంటుకు వాడే రాయిలో ఉన్నదీ ఆ పదార్థమే.

రాడ్డుకు బదులు వైరును తనంతట తానే అందించే మిగ్ మిషన్‌కు గ్యాస్ సిలిండర్ కావాలి. సీవోటూ చవక, మందపాటి ఇనుములోకి లోతుగా దిగుతుంది. అయితే అది ఆర్క్‌లో విడిపోయి ఆక్సిజన్‌నూ ఇస్తుంది, దాన్ని పట్టుకోవడానికే వైరులో సిలికాన్, మాంగనీస్ కలుపుతారు. రవ్వలు కూడా ఎక్కువ. 80 శాతం ఆర్గాన్, 20 శాతం సీవోటూ మిశ్రమానికి ధర ఎక్కువే కానీ రవ్వలు తగ్గి గ్రైండింగ్ కూలి మిగులుతుంది.

ఎస్సెస్‌కు ఉత్త సీవోటూ పనికిరాదు. అందులోని కార్బన్ అతుకులోకి చేరి క్రోమియంను పట్టేస్తుంది. తుప్పును ఆపేదే ఆ క్రోమియం. ట్యాంకు కొత్తగా ఉన్నప్పుడు ఏమీ కనపడదు, తర్వాత అతుకు వెంబడే తుప్పు మొదలవుతుంది. పాల ట్యాంకుకు ఆర్గాన్ వెల్డింగే (టంగ్‌స్టన్ కడ్డీతో ఆర్క్ పుట్టించే టిగ్ పద్ధతి) చేయాలి, అదీ లోపలి వైపు కూడా ఆర్గాన్ నింపి. నింపకపోతే అతుకు వెనక భాగం నల్లగా, చక్కెర పలుకుల్లా గరుకుగా తేలుతుంది. ఎంత కడిగినా అక్కడ పాలు పట్టుకునే ఉంటాయి. ఆర్గాన్ గాలికన్నా దాదాపు 1.4 రెట్లు బరువు కాబట్టి కింది నుంచి ఎక్కించి, పైన రంధ్రం వదిలి గాలిని బయటికి పోనివ్వాలి. అల్యూమినియానికీ ఆర్గానే. హీలియం మరీ మందపు రాగికి, అల్యూమినియానికి వేడి ఎక్కువ ఇస్తుంది కానీ ఖరీదు, మన షాపులకు దాదాపు అవసరం రాదు.

ఇక ఎంత వదలాలి? ఆర్గాన్ వెల్డింగ్‌కు నిమిషానికి 6 నుంచి 10 లీటర్లు, మిగ్‌కు 12 నుంచి 15 సరిపోతాయి. బొక్కలు పడుతున్నాయని 25 దాటిస్తే గ్యాస్ సుడి తిరిగి బయటి గాలిని లోపలికి లాగుతుంది, బొక్కలు ఇంకా పెరుగుతాయి. ఎండాకాలం పని మీదికి ఫ్యాను తిప్పినా అదే జరుగుతుంది. వైరును తిట్టే ముందు ఫ్యానును పక్కకు తిప్పి చూడాలి. ఆర్గాన్ వెల్డింగ్‌లో 100 ఆంపియర్ల పని ఆపాక 10 సెకన్లపాటు గ్యాస్ పోనిస్తేనే టంగ్‌స్టన్ కడ్డీ నల్లబడదు. సీవోటూ సిలిండర్‌లో ద్రవం ఉన్నంతసేపు గేజీ ముల్లు పెద్దగా దిగదు, ఎంత మిగిలిందో తూకం వేస్తేనే తెలుస్తుంది. ఎండలో పెడితే లోపలి ఒత్తిడి బాగా పెరుగుతుంది, నీడలోనే ఉంచాలి. రెగ్యులేటర్ మంచు కడితే దానికి హీటర్ ఉంది, మంట చూపకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం ప్రాణం. ట్యాంకు అడుగున చేరిన ఆర్గాన్‌కు రంగు లేదు, వాసన లేదు. దిగిన మనిషి ఊపిరాడనట్టు కూడా తెలియకుండానే పడిపోతాడు, లేపబోయి దిగిన రెండోవాడూ అక్కడే పడతాడు. మూసిన చోట సీవోటూ వెల్డింగ్ చేస్తే కార్బన్ మోనాక్సైడ్ కూడా పేరుకుంటుంది. లోపల పని జరిగినంతసేపూ అడుగు నుంచి గాలిని లాగే బ్లోయర్ నడవాలి, బయట ఒక మనిషి ఉండాలి. మీటరులో ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గితే దిగకూడదు. భోజనానికి లేస్తే వాల్వు కట్టి టార్చిని బయటికి తీయాలి. గాలి కోసమని ఆక్సిజన్ సిలిండర్ విప్పడం మరీ ఘోరం, ఒక్క రవ్వకు బట్టలు భగ్గుమంటాయి.

మన ఐటీఐల్లో ప్రతి వెల్డింగ్ విద్యార్థి చేత ఫ్లో మీటరు (గ్యాస్ ఎంత పోతోందో చూపేది) పట్టించి, ఆర్గాన్, సీవోటూ, మిశ్రమం మూడింటితో అతుకులు వేయించి, వాటిని కోసి చూపించాలని కోరుతున్నాను. ట్యాంకు చేయించే యజమానులు వాడిన గ్యాస్, వైరు వివరాలు బిల్లు మీద రాయించుకోవాలి.

- ఒక పాఠకుడు, మిర్యాలగూడ