పెద్ద టీచర్ వెళ్తున్నారు, బడి ఎక్కడికీ పోదు

మన ప్లేస్కూల్ తల్లిదండ్రులందరికీ, రోజూ మనవల్ని దింపడానికి వచ్చే అమ్మమ్మలకీ తాతయ్యలకీ నమస్కారం.

గేటు దగ్గర మీరు అనుకుంటున్నది నిజమే. మన ప్రిన్సిపాల్ మేడం, అంటే పిల్లలందరికీ పెద్ద టీచర్, సంక్రాంతి సెలవుల తర్వాత రారు. అంగన్‌వాడీ టీచర్లకు శిక్షణ ఇచ్చే ఒక స్వచ్ఛంద సంస్థకు డైరెక్టర్‌గా వెళ్తున్నారు. బడి నడిపే నేను ఆవిడను తీసేయలేదు, జీతం బాకీ లేదు, మా ఇద్దరికీ గొడవ కాలేదు, బడిని ఏ కార్పొరేట్ బ్రాంచికీ అమ్మడం లేదు. ఈ నాలుగు కథలూ వాట్సాప్‌లో ఎక్కడ మొదలయ్యాయో నాకు తెలుసు. పేర్లు రాయను, రాజమండ్రి చిన్న ఊరే కదా, రేపు పుష్కర ఘాట్ దగ్గర ఎదురుపడాలి.

ఆవిడ ఎందుకు వెళ్తున్నారో చెప్పాలి, లేకపోతే డబ్బు కోసం అనుకుంటారు. జీతం ఏమీ పెరగలేదు, తిరుగుడు మాత్రం పెరుగుతుంది. మన దగ్గర ఎంతమంది ఉన్నా వందలోపు పిల్లలే. ఆంధ్రాలో అంగన్‌వాడీ కేంద్రాలు 55 వేలకు పైన ఉన్నాయి, దేశమంతా కలిపితే దాదాపు 14 లక్షలు. 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలుపెట్టిన పథకం ఇంతయింది. అక్కడ టీచరమ్మ గర్భిణులకూ బాలింతలకూ సరుకుల లెక్క చూసుకోవాలి, పిల్లల బరువు తూచాలి, ఎత్తు కొలవాలి, అదంతా ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో ఎక్కించాలి, గుడ్డూ అన్నం పెట్టించాలి. ఇవన్నీ అయ్యాక మిగిలిన టైములో మూడేళ్ల పిల్లలకు చదువు. 2023లో కేంద్రం 'పోషణ్ భీ పఢాయీ భీ' అని కార్యక్రమం పెట్టింది, తిండితో పాటు చదువు కూడా అంగన్‌వాడీలోనే అని. బోర్డు మీద రాసినంత తేలిక కాదు అది. పలకా బలపం లేకుండా, పాతిక మంది పిల్లల్ని ఒక గదిలో పెట్టుకుని ఆ రెండు గంటలూ ఏం చేయించాలో ఎవరో ఒకరు పక్కన కూర్చుని చూపించాలి. ఆ పనికే వెళ్తున్నారు. మంచి పని. కాదనను.

కానీ ఒక మాట దాచుకోలేను. ఈ సంగతి నాకు ఆవిడ నోటి వెంట తెలియలేదు. ఒక పాప వాళ్ల నాన్న ఫోన్ చేసి, 'ఏమండీ, మేడం వెళ్లిపోతున్నారటగా, వచ్చే ఏడాది సీటు సంగతి ఏంటి' అని అడిగితే తెలిసింది. ఆ మర్నాడు ఆవిడ ఉత్తరం పట్టుకుని వచ్చారు, మనసు స్థిరపడ్డాక చెబుదామనుకున్నానన్నారు. సరే. తర్వాత ఆ సంస్థవాళ్లు కొత్త డైరెక్టర్‌ని పరిచయం చేస్తూ పెట్టిన కాగితం చదివాను. ఇన్నేళ్ల మన బడి అందులో 'ఒక ప్రైవేటు ప్లేస్కూల్లో అనుభవం' అని అర లైను. పేరైనా లేదు. ఆవిడ రాసింది కాదు లెండి, ఆఫీసులో ఎవరో రాసుంటారు. అయినా మా ఇంటి కింద పోర్షన్ ఖాళీ చేయించి, బంగారం తాకట్టు పెట్టి మొదలుపెట్టిన బడి అర లైనుకు సరిపోయిందా అని ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఇక అసలు నన్ను నలిపేసిన విషయానికి వస్తాను. మా ఒప్పందం ప్రకారం మూడు నెలల ముందు చెప్పాలి, అందులోనూ విద్యా సంవత్సరం మధ్యలో వెళ్లకూడదు. అంటే ఏప్రిల్ దాకా ఉండమని నేను గట్టిగా అంటే ఉండాల్సిందే. ఆవిడ కూడా 'మీరు ఉండమంటే ఉంటానండీ' అన్నారు. అక్కడ సంస్థలో మాత్రం కొత్త బ్యాచ్ శిక్షణ ఫిబ్రవరిలో మొదలు. ఇప్పుడు చెప్పండి, నేనేం చేయాలి? నర్సరీ పిల్లలు జూన్‌లో చేరి, దసరా దాకా ఏడ్చి, ఇప్పుడిప్పుడే అమ్మ చెయ్యి వదిలి తమంతట తాము లోపలికి నడుస్తున్నారు. వాళ్లకు పొద్దున్నే గేటు దగ్గర ఆ ముఖం కనపడాలి. ఇంకో సంగతి, మొహమాటం లేకుండా చెబుతున్నాను, జనవరి నుంచి మార్చి దాకా అడ్మిషన్ల సీజన్. కొత్తగా వచ్చే తల్లిదండ్రులతో గంట కూర్చుని మాట్లాడేది ఆవిడే, నేను కూర్చుంటే పది నిమిషాల్లో ఫీజు దగ్గరికి వచ్చేస్తాను. ఆ మూడు నెలలు ఆవిడ లేకపోతే వచ్చే ఏడాది ఎన్ని కుర్చీలు ఖాళీగా ఉంటాయో అన్న టెన్షన్ నాకు లేదంటే అబద్ధం.

మా ఆయన ఉంచెయ్యమన్నారు, కాగితం మీద సంతకం ఉంది కదా అని. మా అత్తయ్యగారు వెళ్లనీ అన్నారు, మనసు లేని మనిషిని కట్టేస్తే వంటలో ఉప్పు కూడా సరిగ్గా పడదు అన్నారు. నేను రెండు వైపులా తిరిగాను. ఒక రోజు ఉంచుదామని తేల్చుకుని బడికి వెళ్తే, ఆవిడ మధ్యాహ్నం భోజనం టైములో తిరగబోయే మండలాల పేర్లు ఒక కాగితం మీద రాసుకుంటూ కనిపించారు. ఇంకో రోజు పంపించేద్దామనుకుంటే, ఒక బాబు ఆవిడ చీర కొంగు పట్టుకుని ఒక్క అడుగు వదలడం లేదు. చివరికి నన్ను తేల్చినది పిల్లలూ కాదు, ఒప్పందమూ కాదు. గేటు దగ్గర ఒక అమ్మ ఇంకో అమ్మతో అంటుండగా విన్నాను, 'ఆవిడ లేకపోతే ఈ బడిలో ఏముంది' అని. ఆ మాట విన్నాక ఆవిడను ఏప్రిల్ దాకా పట్టుకుని ఉంచితే ఆ మాట నిజమని నేనే ఒప్పుకున్నట్టు. భోగి ముందు రోజే ఆఖరి రోజు అని అదే సాయంత్రం చెప్పేశాను. పొగరు అనుకునేవాళ్లు అనుకోండి.

నెలకో శనివారం వచ్చి టీచర్లతో కూర్చుంటానని ఆవిడ అన్నారు. అక్కర్లేదండీ అన్నాను. తర్వాత టీచర్లే వచ్చి రమ్మనండి మేడం అని అడిగారు కాబట్టి ఏప్రిల్ వరకు వస్తారు.

ఆవిడ స్థానంలో ఎవరు? మన ఎల్‌కేజీ టీచర్. బయటినుంచి పెద్ద డిగ్రీలతో ఇద్దరు ముగ్గురు వచ్చారు, ఒకరు మొదటి ప్రశ్నే 'రోజుకు ఎన్ని పేజీలు రాయిస్తున్నారు' అని అడిగారు, అక్కడితో అయిపోయింది. ఎల్‌కేజీ టీచరమ్మకి ఇంగ్లిష్ గడగడా రాదని కొంతమందికి బాధ. పిల్లలతో తెలుగులో మాట్లాడతారని కూడా బాధ! ఈ వయసులో ఇంటి భాషలోనే నేర్పాలని 2022లో వచ్చిన జాతీయ పాఠ్య ప్రణాళిక, అదే పునాది దశకు, అంటే మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు చేసినది, చెబుతోంది. అందులోనే మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పాఠ్యపుస్తకాలు పెట్టొద్దనీ, పరీక్షలు అసలే వద్దనీ ఉంది. పెద్ద టీచర్ ఆ పేజీలు ప్రింట్ తీసి నా ఆఫీసు గోడకు అతికించారు, మొదట్లో నాకు నచ్చలేదు, గోడకు కొత్తగా రంగు వేయించాం మరి. కాగితం అక్కడే ఉంటుంది.

కాబట్టి ఆవిడ వెళ్లగానే నాలుగు గీతల పుస్తకాలు వస్తాయని ఎవరైనా ఆశపడుతుంటే, రావు. అక్షరాభ్యాసానికి బాసరకో, ఇంటి దగ్గర గుడికో తీసుకెళ్లినప్పుడు మీ పాప చేత పెన్సిల్‌తో రాయించలేదు కదా, పళ్లెంలో బియ్యం పోసి వేలు పట్టుకుని దిద్దించారు. మనం ఇక్కడ చేసేదీ అదే, కాస్త ఎక్కువ రోజులు. ఇసుకలో వేలితో గీయడం, గరుకు కాగితం అక్షరాల మీద చెయ్యి తిప్పడం, గవ్వలు ఏరడం, బొత్తాలు పెట్టుకోవడం, మట్టి పిసకడం. వేళ్లకు బలం వచ్చాక పెన్సిల్ దానంతటదే నిలబడుతుంది. 'పక్క స్కూల్లో యూకేజీలోనే ఎక్కాలు వచ్చేశాయి' అని నాతో అన్నవాళ్లకు నేను ఇచ్చే జవాబు పెద్ద టీచర్ ఇచ్చినంత మెత్తగా ఉండదు, ముందే చెబుతున్నాను.

మిగతావి మామూలే. టైమింగ్స్ మారవు, ఆటో అంకుల్స్ వాళ్లే, ఆయా వాళ్లే, ఈ ఏడాది ఫీజు రూపాయి పెరగదు. ఆవిడను చూసే చేర్చాం, ఇప్పుడు మానిపిస్తాం అనేవాళ్లు ఉంటే సంక్రాంతి లోపు నాకు నేరుగా చెప్పండి, మిగిలిన నెలల ఫీజు లెక్క కట్టి వెనక్కి ఇస్తాను. దాని మీద వాదన పెట్టను. ఆ తర్వాత అడిగితే మాత్రం ఇవ్వలేను.

ఆఖరి రోజు సాయంత్రం నాలుగింటికి పిల్లలందరికీ భోగిపళ్లు పోస్తున్నాం, పోసేది పెద్ద టీచరే. రేగిపళ్లు, చెరకు ముక్కలు మేం తెప్పిస్తాం, చిల్లర నాణేలు మాత్రం ఎవరి పిల్లలవి వాళ్లు తేవాలి. పోయినసారి నాణేలన్నీ నా చేతి డబ్బుతోనే పోశాం.