డబ్బాలో కాల్షియం ఉంటే చాలదు

సంపాదకుల గారికి నమస్కారం.

హైదరాబాద్‌లో ఈమధ్య బియర్డెడ్ డ్రాగన్‌లను పెంచుకునేవాళ్లు బాగానే కనిపిస్తున్నారు. మా ఇంట్లోనూ ఒకటి ఉంది. అపార్ట్‌మెంట్ పిల్లలు దాన్ని డ్రాగన్ అంటారు, వాచ్‌మన్ మాత్రం గడ్డం తొండ అంటాడు. అతనన్నదే కరెక్ట్, పుట్టిల్లు ఆస్ట్రేలియా అయినా ఇది మన కంచెల మీద తల ఊపుతూ కూర్చునే తొండ కుటుంబానిదే.

నా కంప్లయింట్ అమ్మేవాళ్ల మీద. గాజు పెట్టె, వేడికి ఒక పసుపు బల్బు, ఒక కాల్షియం డబ్బా చేతిలో పెట్టి "మేతకు వేసే పురుగుల మీద రోజూ కాస్త చల్లండి, అంతే" అని పంపించేస్తున్నారు. యూవీబీ (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం) లైటు ఊసే లేదు. అది లేకపోతే ఆ పొడి తిన్నా పెద్దగా ఒంటబట్టదు. చర్మం మీద యూవీబీ (290 నుంచి 315 నానోమీటర్ల కిరణాలు) పడితేనే ఒంట్లో విటమిన్ డీ3 తయారవుతుంది, డీ3 ఉంటేనే పేగులు కాల్షియాన్ని సరిగ్గా పీల్చుకుంటాయి, అది అందనప్పుడు శరీరం రక్తంలో కాల్షియం పడిపోకుండా ఎముకల్లోంచే లాగేసుకుంటుంది. దవడ మెత్తబడటం, వేళ్లు వణకడం, పొట్ట నేలకు ఆనించి ఈడ్చుకుంటూ నడవడం, ఇవన్నీ అలా కాల్షియం అందని జబ్బు గుర్తులు. ఎదిగే పిల్లల్లో, గుడ్లు పెట్టే ఆడవాటిలో ఇది తొందరగా బయటపడుతుంది. వంకరపోయిన కాలు మళ్లీ పూర్తిగా తిన్నగా అవడం కష్టం.

"మనకు ఎండకు కొదవా, కిటికీ దగ్గర పెడితే పోలా?" అంటారు. పోదు. కిటికీ అద్దం యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది, వేడి మాత్రమే లోపలికొస్తుంది. పొద్దున పూట బాల్కనీలో నేరుగా ఎండ తగిలేలా, పక్కన నీడ కూడా ఉండేలా కాసేపు ఉంచితే మంచిదే, కాకులు, పిల్లుల మీద ఓ కన్నేసి. కానీ గాజు పెట్టెతో సహా ఎండలో పెట్టారో, లోపల ఉడికిపోతుంది.

ఇంట్లో అయితే పొడుగాటి టీ5 ట్యూబ్ (సన్నటి ట్యూబ్‌లైటు) కావాలి, యూవీబీ 10 లేదా 12 శాతం రకం, పెట్టె పొడవులో సగానికి పైగా వచ్చేది, రోజుకు 10-12 గంటలు వెలగాలి, రాత్రి ఆర్పేయాలి. మెలికల చిన్న బల్బులు పెట్టెలో కొంచెం చోటుకే పనికొస్తాయి. ఊదారంగు ఎల్‌ఈడీని యూవీ లైటని అంటగడుతున్నారు, రంగు చూసి మోసపోకండి. ఇంకోటి, ట్యూబ్ చక్కగా వెలుగుతూనే ఉంటుంది గానీ అందులోంచి వచ్చే యూవీబీ నెలనెలా తగ్గిపోతూ ఉంటుంది, అందుకే ఏడాదికోసారి మార్చాలి. వెలుగుతున్నదాన్ని తీసి పారేయడానికి మనసొప్పదు, నిజమే.

ఇక పొడి సంగతి. కీచురాళ్లలో, మీల్‌వార్మ్‌లలో (మేతకు అమ్మే పిండిపురుగుల్లో) కాల్షియం కంటే ఫాస్ఫరస్ చాలా ఎక్కువ, మనకు కావాల్సింది దానికి తలకిందులు, రెండు పాళ్లు కాల్షియానికి ఒక పాలు ఫాస్ఫరస్. కాబట్టి పొడి చల్లాల్సిందే. కాకపోతే మంచి యూవీబీ ఉన్నచోట రోజువారీకి డీ3 లేని పొడే వాడాలి, డీ3 ఎక్కువైతే ఒంట్లోంచి తేలిగ్గా పోదు, కిడ్నీల్లో కాల్షియం పేరుకుంటుంది. కొందరు మనుషుల కాల్షియం మాత్రలు దంచి వేస్తున్నారు, వాటిలో చాలావాటికి డీ3 కలిసే ఉంటుంది, దయచేసి ఆ పని చేయకండి. ఆకుల్లో పాలకూర, తోటకూర, చుక్కకూర రోజూ పెట్టొద్దు, వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. మునగాకు నయం.

మీ పేపర్లో పెంపుడు జంతువుల గురించి రాసేటప్పుడు కుక్కలు, పిల్లులతో పాటు వీటికీ కాస్త చోటివ్వండి. అమ్మేవాళ్లు కూడా ఏ ట్యూబ్ కావాలో, ఎంత దూరంలో బిగించాలో, ఎప్పుడు మార్చాలో బిల్లు వెనక మూడు లైన్లు తెలుగులో రాసిస్తే వాళ్ల సొమ్మేం పోదు.

- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్